పప్పుచారుతో పెద్ద కారు బేరం

నాచారం పారిశ్రామికవాడలో ఉప్పలమ్మ మెస్సు ఎక్కడని అడిగితే చెప్పలేనివాడంటూ ఉంటే, వాడు నిన్న సాయంత్రమే అక్కడ బస్సు దిగినవాడై ఉండాలి. మందుల కంపెనీల వాళ్లకూ, ఇంజనీరింగ్ షెడ్ల వాళ్లకూ, లారీలు నింపే హమాలీలకూ ముప్పై ఒక్క ఏళ్లుగా అన్నం పెడుతున్న చెయ్యి ఆమెది. పదకొండు టిఫిన్ డబ్బాలతో మొదలుపెట్టి, ఇవాళ మూడు షిఫ్టులకూ కలిపి నాలుగు వందల మందికి వండిస్తున్నది. తల్లి పోయిన రోజు కూడా పదకొండున్నరకల్లా అన్నం, చారు నింపిన పెద్ద పాత్రలు, గంజులు, కంపెనీ గేట్లకు చేరాయి. ఆ తరువాతే ఆమె ఉప్పల్‌లో పుట్టింటికి పోయి ఏడ్చింది. లాక్‌డౌన్‌లో ఊరికి పోలేక షెడ్లలో చిక్కుకున్న కూలీలకు నలభై ఆరు రోజులు కిచిడీ వండి పోసింది. దానికి ఇచ్చిన సన్మానపత్రం మెస్సులో గల్లాపెట్టె మీద అద్దాల చట్రంలో ఉంటుంది. దాని పక్కనే బీకాం పాసైన కూతురు కల్పన ఫోటో. ఈ రెండింటిలో ఏది పెద్దదని అడిగితే ఆమె కొంచెం ఆలోచించి కూతురి ఫోటోనే చూపిస్తుంది.

ఇక చదువు సంగతి. ఉప్పల్ చుట్టూ ఇంకా వరిమళ్లు ఉన్న రోజుల్లో, ఊరి బడిలో నాలుగో తరగతి. అయితే ఆ నాలుగో తరగతిలోనే ఇరవై ఎక్కాల దాకా కళ్లు మూసుకుని అప్పజెప్పి, పంతులు చేత కొత్త పలక బహుమానం అందుకున్న పిల్ల. ఇవాళ్టికీ కాలిక్యులేటరు ముట్టదు.

ఆమె విద్యల్లో అసలైనది మాత్రం ఏ బడిలోనూ చెప్పనిది. వండిన పప్పుచారు పెద్ద గంజుల్లో ట్రాలీ ఆటో ఎక్కి కంపెనీ గేట్లకు పోవాలి. నిండా నింపితే గుంతల్లో ఒలుకుతుంది, తక్కువ నింపితే చివరి వరుసలో కూర్చున్నవాడి కంచానికి చాలదు. అందుకని ఏ దారికి ఎంత వెలితి ఉంచాలో ఆమె వేళ్లతో కొలిచి పెట్టుకున్నది. మందుల కంపెనీ గేటుకు రెండు వేళ్ల వెలితి. రైలు పట్టాల అవతల షెడ్లకు నాలుగు వేళ్లు. వానాకాలమైతే ఇంకొక వేలు. నాచారం, ఉప్పల్, హబ్సిగూడల్లో ఏ రోడ్డు ఎట్లా ఉన్నదో మున్సిపాలిటీ ఇంజనీరుకు తెలియకపోవచ్చు గాని, గంజు అంచు చూసి ఉప్పలమ్మ చెప్పగలదు.

ఇన్ని తెలిసిన మనిషికి ఒక్కటి మాత్రం చేతకాకుండా ఉండిపోయింది. మొగుడిని ఇంట్లోంచి బయటికి కదిలించడం.

రామస్వామి జనగామ దిక్కు నుంచి బతుకుదెరువుకు వచ్చినవాడు. ముప్పై నాలుగేళ్లు కంపెనీ స్టాఫు బస్సు నడిపాడు. ఒక్క యాక్సిడెంటు లేదు. కుక్కపిల్లను కూడా తాకలేదని రిటైరైన రోజు శాలువా కప్పి మరీ చెప్పారు. అయితే ఆ ముప్పై నాలుగేళ్ల గతుకులన్నీ ఆయన నడుములోకే దిగాయి. నిరుడు శ్రావణంలో కల్పన, అల్లుడు రమేష్ మేడిపల్లిలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నారు. ఉప్పలమ్మ, రామస్వామి ఆటోలో బయలుదేరారు. ఫ్లైఓవరు పనులతో వరంగల్ రోడ్డు అప్పుడు రోడ్డులాగే లేదు. పీర్జాదిగూడ దగ్గర ఆటో ఒక గుంతలో పడి లేచింది. ఆటో లేచింది గాని రామస్వామి నడుము లేవలేదు. ఆటో అటునుంచి అటే దవాఖానాకు తిరిగింది. రెండు నెలలు మంచం. ఇక స్టీరింగు పట్టొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు.

మంచం దిగిన తరువాత, నడిచి పోయేంత దూరంలో ఉన్న దవాఖానాకు తప్ప ఆయన గల్లీ మూల దాటి పోలేదు. ఆ గుంతలో పడి ఏడాది గడిచింది. కూతురు కట్టుకున్న ఇంటి గడప ఇంతవరకు తొక్కలేదు. కల్పన ఆదివారాలు వచ్చి “రా నాయినా, ఒక్కసారి వచ్చి సూసిపో,” అని అడిగినప్పుడల్లా “సూద్దాం తియ్,” అంటాడు. భయమని చెప్పడు. ముప్పై నాలుగేళ్లు జనాన్ని దించి వచ్చిన మనిషి, ఆటో వెనక సీట్లో గుంత గుంతకూ మూలగడం నలుగురూ చూస్తారన్నది ఆయన బాధ. అదీ చెప్పడు. చెప్పకపోయినా నలభై ఏళ్ల కాపురంలో ఉప్పలమ్మకు ఆ మాత్రం తెలుసు.

ఇట్లా ఉండగా ఒకనాడు, మెస్సులో భోజనం చేసే మందుల కంపెనీ మేనేజరు చిదంబరం, దవాఖానా ముందు నిలబడ్డ రామస్వామిని చూసి తన పెద్ద కారులో ఇంటి దగ్గర దించాడు. రామస్వామి లోపలికి వచ్చి చెప్పులు విడుస్తూ ఒకే మాట అన్నాడు.

“కారంటే అదే. నడుమున్నట్టే తెలువలే.”

ఆ మాట ఆయన మరిచిపోయాడు. ఉప్పలమ్మ మరవలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం గోవర్ధన్ మెస్సుకు వచ్చాడు. ఉప్పల్‌లో పాత కార్లు, మోటారుసైకిళ్లు అమ్మిపెట్టే బ్రోకరు. పదేళ్లుగా అక్కడే తింటున్నాడు. ఉప్పలమ్మ అతనికి రెండోసారి పప్పు వేస్తూ అడిగింది.

“గోవర్ధనూ, నాకో పెద్ద కారు సూడు బిడ్డా.”

గోవర్ధన్ ముద్దను నోటి దాకా తెచ్చి ఆపాడు. “ఎవలకు పెద్దమ్మా?”

“నాకే.”

“గంజులకు ట్రాలీ ఉన్నది గద.”

“గంజులకు గాదు. నేను కూసోనీకె. పెద్ద పెద్ద సార్లు కూసుంటరు సూడు, మెత్తగ, గసుంటిది. పాతదైనా ఫికర్ లేదు. కొత్తది కొనే తాహతు మనకేడిది?”

కూరగాయలు కోస్తున్న లక్ష్మీనర్సమ్మ కత్తిపీట మీది నుంచే తల ఎత్తింది. మెస్సు మొదలైన నాటి నుంచి ఉన్న మనిషి, ఆమె నోటికి అడ్డు లేదు. “అక్కా, మనం ఏడికి పోతం కారుల? ఉల్లిగడ్డలకు మార్కెట్‌కా?”

“ఏడికన్న పోత. ముప్పై ఏండ్లు ట్రాలీల గంజుల నడుమ కూసున్న. ఒక్కసారి మెత్తగ కూసోవాలనిపించదా నాకు?”

“నాకు సుత అనిపిస్తది. నేను అడుగుతున్ననా?”

గోవర్ధన్ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. అతను మంచివాడే. తిన్న ఇంటికి కీడు తలపెట్టే రకం కాదు. “పెద్దమ్మా, నా నోటితోని నేను చెప్పొద్దు గని చెప్తున్న. పాత పెద్ద కారంటే ఏనుగును కొన్నట్టు. కొనుడు అల్కగనే ఉంటది, కొత్త చిన్న కారు ధరకే వస్తది. మేపుడే కష్టం. ఒక్క అద్దం పగిలితే నీ గల్లాపెట్టె మొత్తం దాని నోట్లకే.”

“అది నేను సూసుకుంట. నువ్వు కారు సూడు.”

పది రోజుల తరువాత గోవర్ధన్ ఫోను చేశాడు. హబ్సిగూడలో ఒక డాక్టరుది. జర్మనీ కారు, పన్నెండేళ్లది. నల్లగా నిగనిగలాడుతుంది, సీట్లు పాలమీగడ రంగు తోలు. డాక్టరు కొత్తది కొన్నాడు, దీన్ని వదిలించుకుంటున్నాడు.

“ఆదివారం తీసుకరా. నడిపి సూడాలె.”

“ఏ రోడ్డు మీద సూస్తవు?”

“మేడిపల్లి రోడ్డు మీద.”

శనివారం మధ్యాహ్నం ఉప్పలమ్మ మొగుడి దగ్గర కూర్చుని, పెద్ద కారు బేరం సంగతి ఏమీ పట్టనట్టు చెప్పింది. రామస్వామి అప్పటికే విని ఉన్నాడు. గల్లీలో వినని వాళ్లు లేరు.

“ఇప్పుడెందుకే నీకు కారు?”

“నా ఇష్టం. నీ తోని నడపమంటలేనుగ, డ్రైవరును పెట్టుకుంట. రేపు జర బండి సూడు. గోవర్ధను మనోడే, గని బండి లోపల ఏమున్నదో ఎవలకెరుక? నన్ను మోసం చేస్తే నాలుగు దినాలు నవ్వేది నువ్వే.”

“ఇంటి ముందటికి తెస్తే సూస్త. బానెట్ తీసి సూస్త. ఎక్క.”

“ఎక్కకపోతే ఏం తెలుస్తది?”

“సప్పుడు వింటే తెలుస్తది నాకు.”

ఉప్పలమ్మ లేచి వంటింట్లోకి పోయింది. వాదించి గెలిచిన దానికంటే పని పురమాయించి గెలిచిందే ఎక్కువ ఆమె బతుకులో.

ఆదివారం పది గంటలకు కారు గల్లీలోకి వచ్చింది. రెండు వైపులా గోడలకు జానెడు జానెడు సందు మిగిలింది. పిల్లలూ పెద్దలూ అందరూ బయటికి వచ్చారు. రామస్వామి బనియను మీద చొక్కా తొడుక్కుని, బానెట్ తీయించి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంజను స్టార్టు చేయించి చెవి పెట్టాడు. “ఇంజను మంచిగున్నది,” అన్నాడు. అంతే అన్నాడు.

అప్పుడు ఉప్పలమ్మ, లక్ష్మీనర్సమ్మ ఇద్దరూ కలిసి వంటింట్లోంచి ఒక గంజు మోసుకొచ్చారు. అందులో పప్పుచారు. మెడ దాకా నిండా ఉన్నది. ఒక్క వేలు వెలితి కూడా లేదు.

గోవర్ధన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “పెద్దమ్మా, డాక్టరు సారు సీట్లు అవి. తోలు సీట్లు. నన్ను చంపుతడు.”

“ప్లాస్టిక్ కవరు ఏస్త, దాని మీద దుప్పటి ఏస్త. ఒలికితే నేను కడుగుత. ఒలకకపోతే నువ్వు బతికిపోతవ్.”

“కారును గిట్ల ఎవలన్న సూస్తరా?”

“నాకు కార్లు తెలువది బిడ్డా. నాకు తెలిసింది ఇదే. నా గంజు నాకు అబద్ధం చెప్పదు.”

లక్ష్మీనర్సమ్మ సీటు మీద పాతచీర చుట్ట పెట్టింది. దాని మీద గంజును కుదురుగా కూర్చోబెట్టి, చారు గంజు మెడ చుట్టూ సమంగా తగిలేదాకా ఉప్పలమ్మ అటూ ఇటూ సర్దింది. తరువాత వెనక్కి తిరిగి చూసింది.

“పక్కన కూసొని పట్టుకునేటోళ్లు ఒకలు కావాలె. నర్సమ్మకు చెయ్యి వణుకుతది. నేను ముందట కూసొని రోడ్డు సూడాలె.”

“నా చెయ్యి ఎప్పుడు వణికింది?” అని లక్ష్మీనర్సమ్మ అనబోయి, ఉప్పలమ్మ మొహం చూసి, “అవును, ఈ నడుమ వణుకుతున్నది,” అన్నది.

గల్లీ మొత్తం రామస్వామి వైపు చూసింది. ఆయన కాసేపు గంజును చూశాడు, కాసేపు కారును చూశాడు. నిండు గంజు పట్టుకోవడానికి మనిషి కావాలంటే, రానని చెప్పడం ఎట్లా? నడుము నొప్పి అని ఆ జనం ముందు అనలేడు. నెమ్మదిగా వంగి లోపలికి ఎక్కాడు. ఒక చెయ్యి గంజు అంచు మీద పెట్టాడు.

కారు నాచారం రోడ్డెక్కింది. గోవర్ధన్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాడు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర మెట్రో స్తంభాల పక్కన ట్రాఫిక్కులో ఆగి, కదిలి, ఆగి, కదిలింది. బోడుప్పల్ మలుపు దాటింది. ముందు సీట్లో కూర్చున్న ఉప్పలమ్మ రోడ్డు చూడలేదు. అద్దాన్ని తనవైపు తిప్పుకున్నది. గోవర్ధన్ అద్దం లేకుండా ఎట్లా నడపాలని అడిగితే, “మెడ తిప్పి సూడు, దేవుడు ఇచ్చిండు గద,” అన్నది. ఆ అద్దంలో ఆమె చూసేది గంజును కాదు. గంజు పక్కనున్న మనిషి మొహాన్ని.

పీర్జాదిగూడ వచ్చింది. నిరుడు పడిన గుంత పూడ్చారు గాని, దాని పక్కన ఇంకొకటి పుట్టింది. రామస్వామి దాన్ని దూరం నుంచే గుర్తుపట్టాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు, పెదవి బిగబట్టాడు. ముందు చక్రం దిగింది, లేచింది. వెనక చక్రం దిగింది, లేచింది. చెరువులో పడవ ఊగినట్టు ఒక్క ఊపు, అంతే.

ఆయన ఒక కన్ను తెరిచాడు. గంజులో చారు మీద కరివేపాకు రెబ్బ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. చుక్క ఒలకలేదు. రెండో కన్ను కూడా తెరిచి కిటికీలోంచి బయటికి చూశాడు. చాలా రోజుల తరువాత చూస్తున్న వరంగల్ రోడ్డు. “ఈడ ఇరానీ హోటల్ ఉండె గద, తీసేసిన్రా?” అని అడిగాడు.

ముందు సీట్లో ఉప్పలమ్మ అద్దాన్ని మళ్లీ గోవర్ధన్ వైపు తిప్పేసింది.

మేడిపల్లిలో కల్పన చపాతీపిండి చేతులతో తలుపు తీసింది. అమ్మ వెనక నిలబడ్డ మనిషిని చూసి, ఆ చేతులు అట్లాగే గాలిలో పెట్టుకుని నిలబడింది. “నాయినా, చెప్పులు ఆడ్నే ఉంచు, లోపలికి తేవద్దు,” అన్నది. ఏదో ఒకటి అనకపోతే ఏడుపు వచ్చేది. రామస్వామి కుడికాలు ముందు పెట్టి గడప దాటాడు. ఎనిమిదేళ్ల మనవరాలు గీతిక ఆయన వేలు పట్టుకుని గది గదీ తిప్పింది. ఏ మేకుకు ఏ క్యాలెండరు, ఏ బల్బుకు ఏ స్విచ్చు, అన్నీ చూపించింది. ఆయన ప్రతి గోడా వేలితో కొట్టి చూశాడు. “ప్లాస్టరింగ్ మంచిగ చేసిన్రు. ఈడ జర తేమ ఉన్నది, అల్లునికి చెప్పు,” అన్నాడు. ఏడాది ఆలస్యంగా వచ్చినవాడు వచ్చీ రాగానే తప్పులు పట్టడం చూసి కల్పనకు నవ్వొచ్చింది.

భోజనాలయ్యాయి. గోవర్ధన్ కూడా తిన్నాడు. రెండు గంటలు దాటింది. గంజును మాత్రం ఉప్పలమ్మ కారులోంచి దించనివ్వలేదు, తిరుగు దారిలో కూడా పరీక్ష ఉన్నదని చెప్పింది. ఆమె మనసులో బేరం అప్పటికే అయిపోయింది. ఏ నగ కుదువ పెట్టాలన్నదే ఇక ఆలోచన.

బయటికి వచ్చి కారు తలుపు తీసింది. తీసి, అట్లాగే నిలబడింది.

గంజులో చారు ఒక పక్కకు ఒరిగి ఉన్నది. కుడివైపు అంచును ముద్దాడుతున్నది. ఎడమవైపు మెడ కింద వేలెడు వెలితి.

చుట్ట జరిగిందేమో అనుకుని చూసింది. జరగలేదు. గోవర్ధన్‌ను పిలిచి గంజును దించి కల్పన వాకిట్లో బండ మీద పెట్టించింది. చారు సమంగా నిలిచింది. మళ్లీ కారులో అదే చోట పెట్టించింది. మళ్లీ ఒరిగింది. ముప్పై ఏళ్లుగా గంజు అంచు చూసి రోడ్డు చెప్పిన మనిషికి, ఇప్పుడు రోడ్డులో లేని వాలు కారులో ఎక్కడినుంచి వచ్చిందో అంతుపట్టలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి కారును చూసింది. కుడి వెనక మూల కుంగి ఉన్నది. అలసిపోయిన గేదె ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డట్టు ఉన్నది.

“గోవర్ధనూ, ఇదేంది?”

గోవర్ధన్ వంగి ఆ చక్రం చూశాడు. “నాతోని డాక్టరు సారు ఈ ముచ్చట చెప్పలే పెద్దమ్మా. ఒట్టు.” లోపల కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. ఎక్కడో చిన్న మోటారు గురగురమన్నది. చూస్తుండగానే కుంగిన మూల మెల్లగా పైకి లేచింది. గంజులో చారు మళ్లీ సమమైంది.

“గాలి సంచి,” అన్నాడు రామస్వామి వెనక నుంచి. అందరూ ఆయన వైపు తిరిగారు. “ఈ పెద్ద కార్లకు చక్రాల కాడ స్ప్రింగులుండయ్. గాలి నింపిన రబ్బరు సంచులుంటయ్. అందుకే గట్ల తేలిపోతది. ఆ కుడి సంచి చిల్లు పడ్డది. గాలి పోతనే ఉంటది, మోటరు నింపుతనే ఉంటది. ఒక్క సంచి మారిస్తే లక్ష దాటుతది. ఒకటి పోయిందంటే మిగిలిన మూడు సుత దాని ఈడువే.”

“నీకు ముందే తెలుసా?”

“ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ్నే ఎరుక. ట్రాఫిక్కుల ఆగినప్పుడల్ల ఆ మోటరు మోగుడు ఆపలే.”

“మరి ఎందుకు చెప్పలే?”

రామస్వామి చొక్కా గుండీ ఒకటి సరిచేసుకున్నాడు. “నీకు మెత్తగ కూసోవాలని ఉన్నదంటివి. నలభై ఏండ్లల నువ్వు నన్ను ఒక చీర అడగలే, ఒక సొమ్ము అడగలే. మొదటిసారి ఒకటి కావాలన్నవు. సంచి పోతే పోయింది, మార్పిచ్చుకుందం అనుకున్న. పీఎఫ్ పైసలు ఇంక జర ఉన్నయ్.”

ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు రోడ్డు వైపు చూసింది. “నాకెందుకయ్యా కారు,” అన్నది. “ట్రాలీల కూసుంటే నాకు ఏమైతది? నీ నడుము కోసం అడిగిన. ఈ గడప నువ్వు తొక్కాలని అడిగిన.”

కల్పన వాకిట్లోంచి అంతా విని ఇంట్లోకి వెళ్లిపోయింది. గోవర్ధన్ ఏ పనీ లేకపోయినా టైర్లలో గాలి చూడటం మొదలుపెట్టాడు.

“పిచ్చిదానివి,” అన్నాడు రామస్వామి.

“నువ్వే పిచ్చోనివి. చిల్లు పడ్డ గంజును, అందంగున్నదని వడ్డనకు పెడతమా? పీఎఫ్ పైసలంట. పద ఇంటికి.”

ఆ కారు వద్దని అక్కడికక్కడే తేలిపోయింది. గోవర్ధన్ ఆ సాయంత్రమే డాక్టరుకు ఫోను చేసి, సంచి మార్పించేదాకా దాన్ని ఎవరికీ చూపించనని చెప్పేశాడు. గంజు మాత్రం తిరుగు దారిలోనూ చుక్క ఒలకలేదు. ఆ మేరకు జర్మనీ వాళ్ల పనితనాన్ని ఉప్పలమ్మ ఇవాళ్టికీ మెచ్చుకుంటుంది.

సోమవారం గోవర్ధన్ భోజనానికి రాలేదు. మొహం చెల్లక కాబోలు అనుకున్నది ఉప్పలమ్మ. మంగళవారం వచ్చాడు. వచ్చినవాడు మెస్సుకు కాకుండా నేరుగా ఇంట్లోకి పోయి రామస్వామి మంచం పక్కన కుర్చీ లాక్కున్నాడు.

“మామా, నేను పదిహేనేండ్ల సంది బండ్లు అమ్ముతున్న. ఆ మోటరు సప్పుడు నా చెవికి పడలే. నాకాడ ఇంకో రెండు పెద్ద కార్లున్నయ్. ఒక్కసారి నువ్వు కూసొని వింటే, నేను ఎవలకన్న ధైర్నంగ చెప్పుకుంట. పెద్దమ్మకు నచ్చితే పెద్దమ్మే తీసుకుంటది, లేకుంటే ఇంకొకలు.”

“నా నడుము సంగతి నీకెరుకేగ.”

“మెత్తటి కార్లే తెస్త మామా. ఇంటి ముందట ఎక్కిచ్చుకుంట, ఇంటి ముందట దించుత.”

రామస్వామి వెంటనే ఒప్పుకోలేదు. కొంచెం బెట్టు చేశాడు. ఆదివారం మాత్రం ఎనిమిదింటికే గడ్డం గీసుకుని తయారయ్యాడు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఒక కారు. పరీక్ష దారి మాత్రం మారదు. నాచారం నుంచి ఉప్పల్ మీదుగా మేడిపల్లి. అంత చెడ్డ రోడ్డు ఇంకెక్కడా దొరకదని, బండి మంచీ చెడూ అక్కడే తేలుతుందని రామస్వామి వాదన. మేడిపల్లి దాకా పోయాక కూతురి ఇంట్లో చాయ తాగకుండా తిరిగి వస్తే బాగుండదు గదా. డీజిలు ఉప్పలమ్మది, గోవర్ధన్‌కు ఆ రోజు భోజనమూ ఆమెదే. ఒక కారుకు గేరుపెట్టె తడబడింది. ఒకదానికి తక్కువ తిరిగినట్టు చూపించడానికి కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పారని పెడళ్ల అరుగుదల చూసి పట్టేశాడు. ఒకటి వరదనీళ్లలో మునిగి లేచిందని సీటుబెల్టు చివరి దాకా లాగి, దాని మీది బురద చార చూపించాడు. దసరా వచ్చేసరికి ఉప్పల్‌లో పాత కార్ల దగ్గర కొత్త మాట ఒకటి పుట్టింది: “రామస్వామి మామ సూసిన బండా?” చూసినదైతే బేరం ఎక్కువసేపు సాగదు. ఇప్పుడు మామూలు రోజుల్లో కూడా ఎవరో ఒకరు వచ్చి ఆయనను ఎక్కించుకుపోతున్నారు. నడుముకు పట్టీ కట్టుకుని, ముందు సీటు తనకు కావలసినట్టు వంచుకుని కూర్చుంటాడు. నొప్పి లేదని కాదు. “జర నిదానం బాబూ, నడుము ఖరాబున్నది,” అని ఇప్పుడు ఆయనే చెబుతాడు. కారు చూడటానికి పిలిపించుకున్న పెద్దమనిషి ఆ మాట అంటే ఎవరికీ నవ్వు రాదు.

పదిహేడో కారు నిజంగా మంచిది. నీలం రంగు. తొమ్మిదేళ్లది. స్ప్రింగులవే గాని మెత్తనిది. ఒక రిటైర్డు ప్రొఫెసరు చలపతిరావు దగ్గర పసిపిల్లలా పెరిగింది. సర్వీసు కాగితాలన్నీ తేదీల వారీగా ఫైలులో ఉన్నాయి. ధర కూడా అందుబాటులోనే ఉన్నది. రామస్వామి మూడుసార్లు తిప్పి చూశాడు. ఏ తప్పూ దొరకలేదు. మేడిపల్లి నుంచి వచ్చాక కారు ఇంటి ముందు ఆగింది. గోవర్ధన్ దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఇగ చెప్పు పెద్దమ్మా. దీని కంటే మంచిది నేను తేలేను.”

ఉప్పలమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. నిజంగానే ముద్దొస్తున్నది. నగలు కూడా కుదువ పెట్టక్కరలేదు. కొంటే ఇది గల్లీ మూలన ఉంటుంది, డ్రైవరు వస్తాడు, రామస్వామి వెనక సీట్లో కూర్చుని ఎక్కడికైనా పోతాడు. పోతాడా? ఆమె గుమ్మంలో నిలబడ్డ మొగుడిని చూసింది. కారు కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని, అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, గోవర్ధన్‌కు టైర్ల తయారీ తేదీ ఎట్లా చదవాలో చెబుతున్నాడు. ఈ కారు తనదైతే, ఆ వెనక సీట్లో కూర్చునేది నడుము నొప్పి మనిషి. కొనని కారులో అయితే ముప్పై నాలుగేళ్ల సర్వీసున్న డ్రైవరు రామస్వామి.

“ఏమంటవయ్యా?” అని అడిగింది.

రామస్వామి ఫైలు మూశాడు. కారును ప్రేమగానే చూశాడు. “మస్తు మంచి బండి,” అన్నాడు. కొంచెం ఆగి, “కొనుక్కునేటోళ్లకు,” అన్నాడు.

ఉప్పలమ్మ తలుపు మీద చెయ్యి పెట్టి ఉన్నదల్లా తీసేసింది. “మనకు రంగు నచ్చలే బిడ్డా,” అని గోవర్ధన్‌తో చెప్పింది. “చిదంబరం సారు తన తమ్మునికి మంచి బండి కావాలంటున్నడు. మామ సూసిండని చెప్పి ఈ రోజే తీసుకపోయి సూపియ్యి.”

గోవర్ధన్ ఇద్దరి మొహాలూ చూశాడు. తాళాలు జేబులో వేసుకున్నాడు. “నల్లది వద్దంటివి, తెల్లది వద్దంటివి, ఇప్పుడు నీలం వద్దంటున్నవు. ఇంకెన్ని రంగులు మిగిలినయ్ పెద్దమ్మా?”

“ఏమో బిడ్డా. దొరికేదాక సూడాలె గద. లోపలికి రా, అన్నం తిందువు.”

కంచాలు పెడుతుండగా ఫోను మోగింది. గీతిక.

“అమ్మమ్మా, వచ్చే ఆదివారం తాత ఏ కారుల వస్తడు?”

ఉప్పలమ్మ ఫోను చెవి దగ్గరే పట్టుకుని, పీట మీద కూర్చోబోతున్న గోవర్ధన్ వైపు తిరిగి ఆ మాటే అడిగింది.